విడాకుల పరిభాష – ఒక పరిశీలన

ఇస్లామీయ ధర్మశాస్త్రంలో వివాహబంధం తెగిపోయే మార్గం ఒక్కటే కాదు. భర్త ఉచ్చరించేది తలాఖ్. భార్య ఏదో ఒక ప్రతిఫలం ఇచ్చి విడుదల పొందేది ఖులా. ఉభయులూ సమ్మతించి విడిపోయేది ముబారాత్. భర్త చేసిన అన్యాయం వలనగాని, అతనిలోని లోపం వలనగాని న్యాయాధికారి తెంచివేసేది ఫస్ఖ్. ప్రతిదానికీ షరతులు వేరు, ఫలితాలు వేరు. మన తెలుగులో మాత్రం వీటన్నింటికీ కలిపి ఒకే మాట ఉంది: విడాకులు. ఆలుమగలు ఆకును చీల్చి విడిపోయినట్లు చాటే పాత ఆచారం నుండి ఈ మాట వచ్చిందని చెబుతారు. ముచ్చటైన మాటే. కాని ఆకును ఎవరు చీల్చారో, ఎందుకు చీల్చారో, చీల్చినందుకు ఎవరు ఎవరికి ఏమి బాకీ పడ్డారో ఆ మాట చెప్పదు. ధర్మశాస్త్రానికీ, న్యాయస్థానానికీ కావలసింది ఆ మూడు విషయాలే.

ఇది కేవలం భాషాభిమానుల చర్చ అని పాఠకులు అనుకోరాదు. మాట మారితే స్త్రీ చేతిలో నుండి మహర్ జారిపోతుంది. అందుకే ఈ విషయమై తెలుగులో వస్తున్న చిన్న పుస్తకాలను, కరపత్రాలను, అనువాదానికి నా వద్దకు వచ్చే పత్రాలను దృష్టిలో ఉంచుకొని కొంత విమర్శ చేయదలిచాను.

ఈ పుస్తకాలలో తరచుగా కనిపించే సూత్రం ఒకటుంది. పురుషుడు ఇస్తే తలాఖ్ అని, స్త్రీ కోరితే ఖులా అని రెండు ముక్కలలో తేల్చివేస్తారు. గుర్తుపెట్టుకోవడానికి సులువైన సూత్రమే. కాని సగమే నిజం. స్త్రీ కోరిన ప్రతి విడుదలా ఖులా కాదు. భర్త ఆచూకీ తెలియకుండా పోయినప్పుడు, ఏళ్ల తరబడి పోషణ ఇవ్వనప్పుడు, కొట్టి హింసించినప్పుడు స్త్రీ న్యాయాధికారి తలుపు తడితే ఆమె అడిగేది ఖులా కాదు, ఫస్ఖ్. ఖులాలో ఆమె కొంత వదులుకొని బయటపడుతుంది. ఫస్ఖ్‌లో ఆమె వదులుకోవలసింది ఏమీ లేదు. కాపురం జరిగిన తరువాత తెగిన వివాహంలో ఆమె మహర్ పూర్తిగా ఆమెదే. ఈ రెంటినీ ఒకే గాటన కట్టిన సూత్రం, చేయని తప్పుకు స్త్రీ చేత జరిమానా కట్టిస్తున్నది.

ఖులాకు మూలాధారమైన ఉదంతాన్ని ఒకసారి తలచుకుంటే ఈ తేడా తేటతెల్లమవుతుంది. సాబిత్ బిన్ ఖైస్ (ర) గారి భార్య దైవప్రవక్త (స) సన్నిధికి వచ్చి, తన భర్త నడవడిలోగాని, ధర్మనిష్ఠలోగాని తనకు ఏ లోపమూ కనిపించడం లేదని, అయినా ఆయనతో కాపురం చేయలేనని విన్నవించుకున్నారు. మహర్‌గా పొందిన తోటను తిరిగి ఇస్తావా అని దైవప్రవక్త (స) అడిగారు. ఇస్తానన్నారు. తోట తీసుకొని ఆమెను విడువమని సాబిత్ (ర) గారిని ఆదేశించారు. సహీహ్ బుఖారీలో ఉన్న ఉదంతమిది. మన కరపత్రాలు దీనిని చెప్పకుండా ఉండవు. కాని అందులోని మొదటి భాగాన్ని తొందరగా దాటిపోతాయి. భర్తలో లోపం లేదని ఆమె స్వయంగా చెప్పింది గనుకనే తోట తిరిగి ఇవ్వడం న్యాయమైంది. భర్త ఆమెను ఆకలికి వదిలేసి ఉంటే ఆ తోట ప్రశ్న అదే విధంగా వచ్చేదా? హనఫీ గ్రంథమైన హిదాయాలోనే సమాధానం ఉంది. విముఖత భర్త వైపు నుండి ఉన్నప్పుడు ఖులా పేరిట అతను ప్రతిఫలం పుచ్చుకోవడం మక్రూహ్ అని అందులో స్పష్టంగా చెప్పారు. దివ్యఖుర్ఆన్‌లోని 4వ సూరా 20వ ఆయత్ దానికి ఆధారం. భార్యకు ఎంత సంపద ఇచ్చి ఉన్నా ఆమెను మార్చుకోదలచినప్పుడు అందులో ఏదీ తిరిగి తీసుకోరాదని ఆ ఆయత్ భావం. ఖులాకు అనుమతినిచ్చిన 2వ సూరా 229వ ఆయత్‌ను దీనితో కలిపి చదవాలి. విడదీసి చదివితే మనకు దొరికేది సగం ధర్మమే.

ఇక పత్రాల సంగతి. ఉర్దూలో రాసిన ఖులానామాలను కోర్టుకు దాఖలు చేయడానికి తెలుగులోకి మార్చవలసి వస్తుంది. చాలా పత్రాలు ఒకే అచ్చులో పోసినట్లు ఉంటాయి. నేను నా ఇష్టపూర్వకంగా ఖులా కోరుతున్నాను, మహర్ మాఫీ చేస్తున్నాను, ఇద్దత్ ఖర్చు వదులుకుంటున్నాను, ఇకమీదట ఎలాంటి దావా వేయను అనేది వాటి సారాంశం. ఎందుకు కోరుతున్నదో ఒక్క వాక్యం ఉండదు. నోటి మాటగా అడిగితే, భర్త మూడేళ్లుగా దమ్మిడీ పంపలేదని తెలుస్తుంది. అంటే విషయం ఫస్ఖ్‌కు చెందినది, పత్రం ఖులాది. తెలుగులోకి వచ్చేసరికి ఇష్టపూర్వకంగా అన్న మాట ఇంకా గట్టిపడుతుంది. ఉర్దూలో అది ఆనవాయితీగా రాసే మాట. తెలుగులో, అందునా న్యాయమూర్తి ఎదుట, అది సాక్ష్యం. ఇంకొక విచిత్రం కూడా ఉంది. పుట్టింటివారు ఇచ్చిన సామాను, నగలు కూడా కొన్ని పత్రాలలో వదులుకున్నవాటిలో చేరిపోతాయి. అవి భర్త ఇచ్చినవి కావు. ఖులాతో వాటికి సంబంధమే లేదు. ఇద్దత్ కాలపు పోషణ సైతం ప్రత్యేకంగా పేర్కొని వదులుకుంటే తప్ప ఖులా వలన దానంతట అది పోదని హనఫీ ధర్మవేత్తల మాట. పత్రం రాసేవారికి ఇది తెలియక కాదు. అచ్చు పత్రం అలా ఉంది గనుక అలా సాగిపోతున్నది.

మహర్ విషయంలో మన లిపి కూడా ఒక చిక్కు తెచ్చిపెట్టింది. నికాహ్ సమయంలోనే, లేదా అడిగిన వెంటనే ఇవ్వవలసిన మహర్ ఒకటి. గడువు పెట్టి తరువాత ఇవ్వవలసిన మహర్ మరొకటి. అరబీలో మొదటిదానిని ఐన్ అక్షరంతోను, రెండవదానిని హంజాతోను రాస్తారు. కంటికి తేడా కనిపిస్తుంది. తెలుగులో రెండింటినీ ముఅజ్జల్ అనే రాస్తున్నాము. సియాహానామాలోని ఆ గడిని తెలుగులోకి దించినప్పుడు ముట్టినదేదో, ముట్టవలసినదేదో ఎవరికీ తెలియదు. దీనికి వైద్యం కష్టమైనది కాదు. తక్షణ మహర్, వాయిదా మహర్ అని రాస్తే చదువురాని తల్లికి కూడా అర్థమవుతుంది. అరబీ మాటను యథాతథంగా ఉంచడమే ధర్మనిష్ఠ అనుకునే అనువాదకులతో నాకు ఇక్కడ పేచీ ఉంది. అర్థాన్ని కాపాడే చోట అరబీ మాటను ఉంచాలి. అర్థాన్ని కప్పివేసే చోట దానికి పక్కన తెలుగు మాట నిలబెట్టాలి.

ఇప్పుడు ఫస్ఖ్ అనే మాట తెలుగులో ఎందుకు నిలదొక్కుకోలేదో చూద్దాం. కారణం చరిత్రలో ఉంది. హనఫీ సంప్రదాయంలో స్త్రీ కోరికపై న్యాయాధికారి వివాహాన్ని తెంచే సందర్భాలు చాలా తక్కువ. పోషణ ఇవ్వని భర్త నుండి కూడా విడదీయడానికి హనఫీలు ఒప్పుకోరు. మాలికీ, షాఫయీ, హంబలీ సంప్రదాయాలు ఒప్పుకుంటాయి. బ్రిటిష్ పాలనలో హనఫీ నియమం కఠినంగా అమలు జరిగినందున పంజాబులో కొందరు స్త్రీలు భర్తల నుండి తప్పించుకోవడానికి ధర్మాన్నే వదలవలసి వచ్చింది. అల్లామా ఇఖ్బాల్ తన ఉపన్యాసాలలో దీనిని ప్రస్తావించి ఆవేదన చెందారు. దీనికి పండితుల వైపు నుండి వచ్చిన సమాధానం మౌలానా అష్రఫ్ అలీ థానవీ గారి ‘అల్ హీలతున్నాజిజా’. 1930ల ఆరంభంలో వెలువడిన ఈ ఉర్దూ గ్రంథం, మదీనాలోని మాలికీ పండితుల ఫత్వాలను తెప్పించుకొని, ఆచూకీ లేని భర్త, పోషణ ఇవ్వని భర్త, మతిస్థిమితం లేని భర్త మొదలైన విషయాలలో మాలికీ మార్గాన్ని అనుసరించవచ్చునని నిర్ణయించింది. ధర్మాన్ని వదిలినంత మాత్రాన నికాహ్ తెగిపోదని కూడా అందులోనే తేల్చారు. ముస్లిమ్ న్యాయాధికారి లేని చోట ధర్మం తెలిసిన ముస్లిముల పంచాయతీ ఆ పని చేయవచ్చునన్నారు.

నా దృష్టిలో ఆ శతాబ్దంలో ఉర్దూలో వెలువడిన ఫిఖ్హ్ గ్రంథాలలో ఇంతటి ధైర్యం గలది మరొకటి లేదు. దాని పేరును గూర్చి మాత్రం ఒక మాట చెప్పాలి. పూర్తి పేరుకు నిస్సహాయురాలైన భార్య కొరకు సఫలమైన ఉపాయమని అర్థం. ఉర్దూ వాడుకలో హీలా అంటే సాకు, బహానా అనే ధ్వని కలిసిపోయింది. గ్రంథం చదవకుండా పేరు మాత్రమే విన్నవారు ఇదేదో దొంగదారి అనుకున్నారు. తెలుగులో దానికి తరుణోపాయం అనే మాట చక్కగా అతుకుతుంది. గట్టెక్కే దారి అని దాని అర్థం, దొంగతనపు వాసన లేదు. గ్రంథంలోని లోటు మరొకటి. దాని భాష పండితుల భాష. ఎవరికోసం రాశారో ఆ స్త్రీ దానిని చదవలేదు. పంచాయతీ సభ్యులకు సూచనలున్నాయి గాని, ఆమె మొదట ఎక్కడికి వెళ్లాలి, ఏమి చెప్పాలి అన్నది ఆమెకు చెప్పే గొంతు లేదు.

ఈ గ్రంథం ప్రభావంతోనే ఖాజీ ముహమ్మద్ అహ్మద్ కాజ్మీ కేంద్ర శాసనసభలో బిల్లు తెచ్చారు. అది 1939లో ముస్లిమ్ వివాహాల విచ్ఛేదన చట్టమైంది. విచారించే న్యాయమూర్తి ముస్లిమే కావాలన్న షరతు చట్టంలో నిలవలేదు. దానివలన ఎందరో పండితులకు అసంతృప్తి కలిగింది. ఈ అసంతృప్తి వల్లనే మన కరపత్రాలు ఆ చట్టాన్ని ముట్టుకోవడానికి ఇప్పటికీ జంకుతాయని నా అనుమానం. ఫలితంగా, మూలంలో మదీనా ఫత్వాల నుండి పుట్టిన కారణాలు మన స్త్రీలకు పరాయి చట్టంలా కనిపిస్తున్నాయి.

అందులో ఉన్నవి ఏమిటి? భర్త ఆచూకీ 4 సంవత్సరాలుగా తెలియకపోవడం. ఈ కారణంపై ఇచ్చిన డిక్రీ 6 నెలలు గడిచిన తరువాతే అమలులోకి వస్తుంది. 2 సంవత్సరాలు పోషణ ఇవ్వకపోవడం. 7 సంవత్సరాలు లేదా అంతకు మించి జైలుశిక్ష పడటం. సరైన కారణం లేకుండా 3 సంవత్సరాలు దాంపత్య బాధ్యతలు నెరవేర్చకపోవడం. నపుంసకత్వం, 2 సంవత్సరాల మతిభ్రమణం. ఆ తరువాత క్రూరత్వం. దీని కింద కొట్టడం ఒక్కటే కాదు, ఆమె ఆస్తిని అమ్మివేయడం, ఆమె ధర్మాచరణకు అడ్డుపడటం, ఒకరికంటె ఎక్కువ భార్యలున్నప్పుడు ఖుర్ఆన్ ఆజ్ఞానుసారం సమానంగా చూడకపోవడం కూడా వస్తాయి. మిగిలిన వివరాలు చట్టంలో చూడవచ్చు. అసలు చూడవలసింది 5వ సెక్షన్. ఈ చట్టం కింద వివాహం తెగినంత మాత్రాన మహర్‌పై స్త్రీకి గల హక్కు ఏమాత్రం దెబ్బతినదని అది చెబుతుంది. ఒక్క వాక్యం. మన కరపత్రాలలో నాకు ఎక్కడా కనబడని వాక్యం. పోషణ విషయంలో 1970లో కేరళ హైకోర్టులో న్యాయమూర్తి వి.ఆర్. కృష్ణయ్యర్ ఇచ్చిన తీర్పు కూడా ఎన్నదగినది. 2 సంవత్సరాలు పోషణ అందకపోవడమే చాలునని, తప్పు ఎవరిదన్న విచారణ అవసరం లేదని ఆయన తేల్చారు.

ఈ చట్టాన్ని తెలుగులో పరిచయం చేసేవారు కొందరు వివాహ రద్దు అని రాస్తున్నారు. ఈ మాట నాకు సరిపడదు. రద్దు అంటే అసలు జరగనట్లే అన్న భావం వస్తుంది. అప్పుడు పిల్లల సంగతేమిటని ఏ తల్లి అయినా బెదిరిపోతుంది. ఫస్ఖ్ అనే మాటను అలాగే ఉంచి, న్యాయస్థానం ద్వారా వివాహ విచ్ఛేదన అని పక్కన వివరించడం మేలు.

ఇంత హక్కు ఉండగా స్త్రీలు ఖులా వైపే ఎందుకు వెళుతున్నారు? దీనికి కరపత్రాలను మాత్రమే తప్పుపట్టడం న్యాయం కాదు. కోర్టు దారి దూరం. 1984 నాటి కుటుంబ న్యాయస్థానాల చట్టం ప్రకారం దావా కుటుంబ న్యాయస్థానంలో వేయాలి, అది లేని చోట జిల్లా కోర్టులో. ముందు రాజీ ప్రయత్నం జరుగుతుంది. తరువాత నోటీసులు, భర్త రాకపోవడం, మళ్లీ వాయిదా, సాక్ష్యాలు. పోషణ ఇవ్వలేదని నిరూపించడమంటే జరగనిదానిని నిరూపించడమే గదా! ఈ మధ్య కాలంలో ఆమె తిండికి వేరే దరఖాస్తు పెట్టుకోవాలి. వెనుకటి 125వ సెక్షన్ స్థానంలో 2024 జూలై నుండి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 144వ సెక్షన్ ఇప్పుడు అందుకు ఆధారం. విడాకులు పొందిన ముస్లిమ్ స్త్రీకి కూడా ఈ మార్గం మూసుకుపోలేదని, తెలంగాణ నుండి వెళ్లిన అప్పీలులో సుప్రీంకోర్టు 2024 జూలైలో స్పష్టం చేసింది. ఇంత తిరుగుడు పడలేక స్త్రీ మహర్ పోతే పోయిందని ఖులానామాపై వేలిముద్ర వేస్తుంది. ఆ లెక్క ఆమె తెలిసి వేసుకున్నదైతే ఎవరూ కాదనలేరు. తెలియక వేసుకున్నదైతే ఆ పాపంలో పత్రం రాసినవారికీ, దానిని అనువదించినవారికీ భాగముంది.

2025 జూన్‌లో తెలంగాణ హైకోర్టు ధర్మాసనం ఇచ్చిన తీర్పు ఈ విషయాన్ని కొత్త మలుపు తిప్పింది. ఖులా కోరడం భార్యకు గల పూర్తి హక్కు అని, భర్త అంగీకారంపై అది ఆధారపడదని, ముఫ్తీ ఇచ్చే ఖులానామా సలహా మాత్రమేనని, కుటుంబ న్యాయస్థానం క్లుప్తంగా విచారించి దానికి ముద్ర వేయాలని అందులో చెప్పారు. మహర్ తిరిగి ఇచ్చే విషయమై భర్త బేరమాడవచ్చు గాని, మహర్ ఇవ్వలేదన్న సాకుతో ఖులాను నిరాకరించలేడు. కేరళ హైకోర్టు 2021లోనే ఇంచుమించు ఇదే దారి తొక్కింది. హనఫీ గ్రంథాలలో ఖులా ఒక ఒప్పందం, భర్త అంగీకారం దానికి అవసరం. అందువలన చాలామంది ఉలమా ఈ తీర్పుతో ఏకీభవించరు. వారి అభ్యంతరం ఊహించినదే. అయితే సాబిత్ (ర) గారి ఉదంతంలో దైవప్రవక్త (స) పలికిన మాట సలహాయా, ఆజ్ఞా అన్న చర్చ పూర్వ పండితుల నుండే ఉన్నదని మరువరాదు.

నా చింత వేరొకటి. ఖులా సులభమైన కొద్దీ ఫస్ఖ్ మరుగున పడుతుంది. పెళ్లాం పిల్లలను గాలికి వదిలేసిన భర్త, ఆమె విసిగి ఖులా అడిగేదాకా ఊరికే కూర్చుంటాడు. తలాఖ్ ఇస్తే మహర్ ఇవ్వాలి, 1986 చట్టం ప్రకారం ఆమె భవిష్యత్తుకు తగిన ఏర్పాటు ఇద్దత్ లోపలే చేయాలి. 2001లో డానియల్ లతీఫీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది అదే. ఆమె చేతనే అడిగించి, మాఫీ అనిపించుకుంటే అతనికి మహర్ బాకీ తీరుతుంది. హిదాయా మక్రూహ్ అన్నది సరిగ్గా ఈ బేరాన్నే.

మరో రెండు మాటలను గూర్చి క్లుప్తంగా చెబుతాను. ఒకటి ఖాజీ. ఫిఖ్హ్ గ్రంథాలలో ఖాజీ అంటే తీర్పు చెప్పే న్యాయాధికారి. మన ఊళ్లలో నికాహ్ చదివించే ఖాజీకి ఆధారం 1880 నాటి ఖాజీల చట్టం. ఆ చట్టంలోని 4వ సెక్షన్, దీనివలన ఖాజీకి ఎలాంటి న్యాయాధికారమూ రాదని స్పష్టంగా చెబుతుంది. తెలుగు పుస్తకంలో ‘ఖాజీ వివాహాన్ని తెంచవచ్చు’ అని చదివిన స్త్రీ వీధి చివర ఉన్న ఖాజీ ఇంటికి వెళుతుంది. ఆయన ఇచ్చిన కాగితం పట్టుకొని తిరిగి వస్తుంది. పాస్‌పోర్టు కార్యాలయంలోనో, మరో సంబంధం కుదిరినప్పుడో అది చాలదని తెలుస్తుంది. దారుల్ ఖజాలు రాజీకి, ధర్మనిర్ణయానికి ఎంతో ఉపకరిస్తాయి. కాని వాటి నిర్ణయానికి చట్టబలం లేదని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది. ధర్మం దృష్టిలో విడిపోవడం, చట్టం దృష్టిలో విడిపోవడం రెండూ జరగాలంటే రెండు చోట్లకూ వెళ్లక తప్పదని పుస్తకాలు సూటిగా చెప్పాలి.

రెండవది తలాఖ్. 2019 చట్టంలో ఈ మాటకు ఒక ప్రత్యేక నిర్వచనం ఇచ్చారు. వెనువెంటనే అమలులోకి వచ్చి తిరిగి తీసుకోవడానికి వీలులేని తలాఖె బిద్అత్, దానివంటివి మాత్రమే ఆ చట్టంలో తలాఖ్. దానికే 3 సంవత్సరాల వరకు శిక్ష. నిర్వచనం చదవని పత్రికలు తలాఖ్ రద్దయిందని రాశాయి. చట్టం దానిని ముట్టలేదు. ఒకసారి చెప్పి ఇద్దత్ గడవనిచ్చే తలాఖె అహ్సన్ ఉంది. అయితే 2002లో షమీమ్ ఆరా కేసులో చెప్పినట్లు, సహేతుకమైన కారణం ఉండాలి, ఇరువైపుల మధ్యవర్తుల ద్వారా రాజీ ప్రయత్నం ముందు జరగాలి, తలాఖ్ నిజంగా ఉచ్చరించబడాలి. మధ్యవర్తుల నియమం 4వ సూరా 35వ ఆయత్‌లోనిదే.

ఖులానామా అచ్చు పత్రాన్ని సవరించుకునే శక్తి ప్రతి జమాఅత్‌కూ ఉంది. దానికి ఏ శాసనసభా అనుమతి అక్కరలేదు. భర్త ఎంతకాలంగా పోషణ ఇవ్వలేదో రాయడానికి ఒక గడి ఉంచాలి. తక్షణ మహర్ ఎంత ముట్టింది, వాయిదా మహర్ ఎంత బాకీ ఉంది, వాటిలో స్త్రీ దేనిని వదులుతున్నది, దేనిని వదలడం లేదు అన్నది అంకెలలో ఉండాలి. పుట్టింటి సామాను జాబితా వేరుగా ఉండాలి. ఆమెకు తెలుగే వస్తే ఆ పత్రం తెలుగులోనే ఉండాలి, సంతకానికి ముందు ఆమెకు చదివి వినిపించాలి. పోషణ గడిలో 2 సంవత్సరాలో అంతకు మించో పడితే, అది ఖులా పత్రమే కాదని, ఆమె దారి 1939 చట్టమని చెప్పి, కుటుంబ న్యాయస్థానానికి పంపాలి.